నిండాకు మొక్కు

“ఆకు తగ్గించమంటే దేవుడితో బేరమాడినట్టే,” అంది కూర్మమ్మ. “కొండకింద నిలబడి, మావోడు సిన్నాకులో తింటాడు సామీ, ఏటీ అనుకోకు అని సెప్తారా? నోరెలా వస్తాదర్రా మీకు?”

అరుగు మీద అరిటాకుల కట్టలు తడిగోనె కప్పుకుని ఉన్నాయి. తెల్లవారితే రామతీర్థంలో వంద మందికి భోజనాలు. వంటవాళ్ళకి కబురు వెళ్ళింది. చుట్టాలందరికీ ఫోన్లు అయిపోయాయి. బూరెలకి శనగపప్పు నానుతోంది. ఇంత అయ్యాక, ఈ మధ్యాహ్నం పూట, మొక్కు తీర్చాల్సిన మనిషి అసలు ఎంత తినగలడు అన్న మాట ఇంట్లో పైకొచ్చింది. ఐదేళ్ళుగా అందరికీ తెలిసిన మాటే. పైకి అనడానికి ఇంతకాలం పట్టింది.

అన్నది రాధిక. విజయనగరంలో నర్సింగు చదువుతున్న పిల్ల, తండ్రి మొక్కు కోసం నిన్ననే వచ్చింది.

“నానమ్మా, నాన్నకి అన్నంగొట్టం తీసేశారు. పొట్టనే సన్నగా కుట్టి, పైకి లాగి, మెడ దగ్గర అతికారు. అందులో పట్టేది గుప్పెడన్నం. నిండాకు తినమంటే ఎక్కడ పడతాది?”

“నాకేటీ తెలీదనుకున్నావా? వాడి అవస్త రోజూ సూస్తన్నాను,” అంది కూర్మమ్మ. “అయినా మొక్కింది నానేటి? మీయమ్మ.”

ఆ మాటతో అందరి కళ్ళూ తాయారు మీదికి తిరిగాయి. తాయారు గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరుతోంది. కూర్మమ్మ ఆమెకి అత్తగారే కాదు, సొంత మేనత్త కూడా. ఆమె ముందు నోరెత్తాలంటే రెండింతల గుండె కావాలి.

తాయారు మొగుడు జగన్నాధం తమ్ముడు ధనరాజ్ గరివిడి ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి, ఆ బట్టలతోనే వచ్చి స్తంభానికి చేరబడ్డాడు. “వదినా, ఏటని మొక్కావు? ఉన్నమాట ఉన్నట్టు సెప్పు. దాన్నిబట్టి పూజారిగారిని అడుగుదుం.”

తాయారు చేట కింద పెట్టింది. నిద్రలో లేపి అడిగినా ఆమెకి ఆ మాటలు వస్తాయి.

“ఐదేళ్ళు బతికించు సామీ. నీ కొండకింద వందమందికి అన్నం పెడతాను. మా బావ మొదటి బంతిలో కూకుని, నిండాకు తిని, మెతుకు మిగల్చకండా లేస్తాడు.”

“అదుగో. మెతుకు మిగల్చకండా,” అంది కూర్మమ్మ. “ఆసుపత్రిలో నా పక్కనే కూకుని మొక్కింది. ఈ సెవులతో ఇన్నాను.”

“అలా ఎవరైనా మొక్కుతారా అమ్మా?” అంది రాధిక.

ఎవరైనా మొక్కుతారా అంటే, మొక్కుతారు. నాలుగు నెలలపాటు మొగుడు గుక్కెడు మంచినీళ్ళు మింగలేక గోడ పట్టుకుని నిలబడటం చూసిన మనిషి మొక్కుతుంది. ఆపరేషన్ ముందు డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చాలా ఓపిగ్గానే చెప్పాడు. తాయారుకి అందులో అర్థమైంది ఒక్కటే. అడ్డం తీసేస్తారు. అడ్డం తీసేస్తే మనిషి పూర్వంలాగే తింటాడు. ఆపరేషన్ జరిగిన ఏడు గంటలూ థియేటరు తలుపు ముందు కూర్చుని, తను ఏది చూడాలని కొట్టుకుపోతోందో అదే దేవుణ్ణి అడిగింది.

పూర్వం జగన్నాధం తిండి అలాంటిలాంటి తిండి కాదు మరి. అతను కూర్చున్న బంతికి వడ్డించడానికి ఇద్దరు మనుషులు కావాలని చుట్టాలు వేళాకోళం చేసేవారు. పదిహేను బూరెలు తిని, పెరుగన్నం దగ్గర మళ్ళీ కొత్తగా మొదలెట్టేవాడు. ఆ మనిషికి ఇప్పుడు ఆకలే తెలీదు. రోజుకి ఎనిమిదిసార్లు ఫోనులో అలారం మోగితే, ఓహో తినాలి కాబోలు అని తింటాడు. గిన్నెడు తిని, నీళ్ళు అరగంట తర్వాత తాగుతాడు. తీపి ముట్టుకుంటే ఒళ్ళంతా చెమటలు పట్టి గుండె దడదడలాడుతుంది. తిన్నాక ఒంగితే పసరు గొంతులోకి వస్తుంది. వెల్లకిలా పడుకుని ఐదేళ్ళయింది. మంచం తలవైపు కోళ్ళ కింద రెండేసి ఇటుకలు. డెబ్బై నాలుగు కిలోల మనిషి నలభై ఆరు దగ్గర ఆగాడు.

ఆగాడు కదా, అదే పదివేలు అనుకుంది తాయారు ఇన్నాళ్ళూ. ఇరవై రోజుల కిందట జగన్నాధం ఒక్కడే విశాఖ వెళ్ళి ఐదేళ్ళ పరీక్ష చేయించుకుని, “అంతా బాగున్నాదన్నారు” అని వచ్చి చెప్పాడు. ఆ సాయంత్రమే కూర్మమ్మ పంతులుగారి చేత ముహూర్తం పెట్టించింది.

“మొక్కు మార్చినోళ్ళు బాగుపడ్డం నాను సూణ్ణేదు,” అంది కూర్మమ్మ, గొంతు తగ్గించి. “అనకూడదు గాని, రేపు మళ్ళీ తిరగబెడితే పూచీ ఎవలిది? నీదా ధనరాజూ? నర్సమ్మా రాధికా, నీదా?”

పూచీ ఎవరిదో తాయారుకి తెలుసు. ఐదేళ్ళుగా రాత్రీ పగలూ ఆమె లోలోపల పెట్టుకున్న భయమే అది. ఇవాళ అత్త నోట పైకి వినపడింది.

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. రాగిపిండితో చోడంబలి పలచగా కలిపి చిన్న క్యానులో పోసింది. పైఅరలో విడిగా బోర్లించి ఉన్న గ్లాసు తీసింది. దాని అంచు మీద గోళ్ళరంగుతో పెట్టిన ఎర్రచుక్క ఉంది. పక్కనున్న కంచానికీ అదే చుక్క. ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజున కూర్మమ్మ పెట్టించిన గుర్తు అది. “వాడి ఎంగిలి ఎవలూ ముట్టుకోకండి. అంటుకుంటే పిల్లలేటవుతారు,” అంది. అప్పటికి పదో తరగతి చదువుతున్న రాధికే తన రంగుసీసా తెచ్చి చుక్కలు పెట్టింది. రాధికకి ఇప్పుడు ఆ చుక్క చూస్తే తల దించుకోబుద్ధవుతుంది.

క్యాన్సర్ అంటుకునే జబ్బు కాదని రెండోసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడే డాక్టరు చెప్పాడు. తాయారు విన్నది కూడా. కానీ అప్పటికే కంచం వేరైపోయింది. పెళ్ళైన నాటి నుంచీ మొగుడు లేచాక అదే కంచంలో పెట్టుకు తిన్న మనిషి, వేరే కంచానికి అలవాటు పడిపోయింది. అతను అడగలేదు, ఆమె కదపలేదు.

“అంబలి ఇచ్చొస్తాను,” అని చెప్పి పొలానికి బయల్దేరింది.

మొక్కజొన్న కండెలు పాలుపోసుకుంటున్నాయి. గట్టు చివర పాక. పాక ఇంకా పది బారలుందనగా లోపల ఫోను మోగింది. రెండున్నర గంటల ముద్ద. తాయారు అలవాటుగా మనసులో లెక్కేసుకుని, తింటున్న మనిషిని కంగారు పెట్టకూడదని అడుగు నెమ్మది చేసింది.

జగన్నాధం పాక నీడలో పీట మీద కూర్చున్నాడు. పొద్దున్న ఆమె కట్టిచ్చిన క్యారేజీ విప్పి, పాకలో ఉండే కంచంలో పెట్టుకున్నాడు. పప్పన్నం వేళ్ళతో మెత్తగా మెదిపాడు. ఎంతో శ్రద్ధగా మెదిపి, కంచం తీసి పక్కన పెట్టాడు. గోధుమరంగు కుక్క వచ్చి తినడం మొదలెట్టింది. అతను దాని వీపు నిమురుతూ కూర్చున్నాడు.

ఆ కుక్క సంక్రాంతి ముందు డొక్కలెండిపోయి వచ్చింది. నాలుగు రోజుల కిందట తాయారే చూసి, ఇదెక్కడో మంచి ఇల్లు పట్టిందే అనుకుని నవ్వుకుంది.

“కుక్క బాగా ఒళ్ళు సేసింది బావా,” అంది.

జగన్నాధం తల ఎత్తలేదు. కుక్క వీపు మీద చెయ్యి మాత్రం ఆగిపోయింది.

“ఎన్నాళ్ళ నించి?”

“ఏటి ఎన్నాళ్ళ నించి?” ఆపరేషన్ తర్వాత అతని గొంతు జీరబోయింది. గాలిలో మాట్లాడితే సగం మాటలు వినపడవు.

“అన్నం దానికెడతన్నది.”

“మిగిలింది పెట్టాను.”

“నువ్వు ఒక్క ముద్ద ఎత్తకండానే మిగిలిపోయిందా?”

కుక్క కంచం నాకేసి, తాయారుని చూసి తోక ఊపింది. జగన్నాధం మెల్లిగా అన్నాడు. “నెల్లాళ్ళు దాటింది. అన్నం దిగట్నేదు తాయారూ. ఇక్కడ ఆగిపోతన్నాది. అంబలి దిగుతాది. పాలు దిగుతాయి. ఇంట్లో నువ్వెట్టింది బుగ్గలో దాసుకుని పెరట్లో ఊసేస్తన్నాను.”

తాయారు గట్టు మీద కూలబడింది. తనే పెట్టింది, తనే ఎదురుగా కూర్చుని చూసింది, తనే కంచం కడిగింది. ఒక్కరోజు కూడా తెలీలేదు. అంత కళ్ళు మూసుకుపోయాయేమిటి తనకి?

“మొదటేడు లాగే అయ్యుంటాది,” అంది. “అతుకు బిగుసుకుపోయిందని బెలూను పెట్టి ఎడల్పు సేశారు కదా రెండుసార్లు. అదే అయ్యుంటాది బావా.”

“అదే అయ్యుంటాది,” అన్నాడు అతను, వెంటనే.

“మరి ఇరవై రోజుల కింద ఎల్లావు. డాక్టరుకి సెప్పావా?”

జగన్నాధం మొక్కజొన్న చేను వైపు చూశాడు.

“బావా, నిన్నే.”

“లోనికి ఎల్లనేదు. బెంచీ మీద కూకున్నాను. నా పేరు పిలిసారు. లేచి బయటికొచ్చి బస్సెక్కేశాను.”

“అంతా బాగున్నాదని సెప్పావు. వందమందిని పిలిపించావు.”

“నాను పిలవనేదు. మీరు పిలిసారు.”

అది నిజమే కాబట్టి తాయారుకి మరింత ఒళ్ళు మండింది. “నోరు మూసుకుని కూకుంటే పిలిపించినట్టు కాదేటి? మీయమ్మ శనగపప్పు నానబోసేస్తే సూస్తా కూకున్నావు. కూతురు కాలేజీ మానుకుని వచ్చింది. ఎందుకు బావా ఇలాగ సేశావు? నాకైనా సెప్పకూడదా?”

“నీకే సెప్పకూడదు,” అన్నాడు జగన్నాధం.

అతను కొంచెం ఊపిరి తీసుకున్నాడు. పెద్ద మాట చెప్పాలంటే ఆగి ఆగి చెప్పాలి.

“డాక్టరు ఏదైనా ఉన్నాదన్నాడనుకో. నువ్వేటనుకుంటావో నాకు తెలీదా? నా మొక్కు తీరకే తిరగబెట్టింది అనుకుంటావు. నాను పోయాక కూడా అదే అనుకుంటావు. మాయమ్మ అననక్కర్నేదు, నిన్ను నువ్వే తినేస్తావు. అందుకే ముందు మొక్కు తీరిపోనీ. ఆ తర్వాత ఏదొచ్చినా నీ పూచీ కాదు.”

తాయారుకి దుఃఖం ముంచుకొచ్చింది. పైటకొంగు నోట్లో కుక్కుకుంది. ఐదేళ్ళుగా తను అతన్ని కాపాడుతున్నాననుకుంది. అతను తనని కాపాడుతున్నాడని ఇవాళ తెలిసింది.

“తినలేవు కదా,” అంది చివరికి.

“నాలుగు ముద్దలు మెత్తగా నమిలితే దిగుతాయి. కొంత బుగ్గలో పెట్టుకుంటాను. కొంత ఆకు కిందికి తోసేస్తాను. వందమందిలో ఎవలు సూస్తారు?”

“దేవుడు సూస్తాడు.”

“సూడనీ. ఆయనకి నా సంగతి ముందే తెలుసు.”

ఆ మాటకి తాయారుకి ఏడుపులో నవ్వొచ్చింది. వచ్చినందుకు మళ్ళీ కోపమూ వచ్చింది. “రేపు ఆకు మీంచి లేచాక ఇంటికి కాదు. అట్నించటే విశాఖ. ఒప్పుకుంటే సరి, నేకపోతే ఇప్పుడే ఎల్లి మీయమ్మకి సెప్పేస్తాను.”

“ఒప్పుకున్నాను. అందాకా ఎవలికీ సెప్పకు.”

ఆమె అంబలి గ్లాసులో పోసింది. అతను గుక్కకీ గుక్కకీ మధ్య ఆగుతూ తాగాడు. ఎర్రచుక్క వైపు పెదవి తగలకుండా రెండోవైపు తిప్పుకుని తాగడం ఆమె ఎప్పుడూ గమనించలేదు. ఇవాళ గమనించింది.

గ్లాసు తిరిగిస్తూ కుక్క వైపు గెడ్డంతో చూపించాడు. “దీన్ని తిట్టకు పాపం. నా కంచంలో తినేది ఇప్పుడిదొక్కటే.”

వేళాకోళంగానే అన్నాడు. తాయారు క్యాను మూత పెట్టుకుని గట్టెక్కింది.

మర్నాడు పదకొండయ్యేసరికి కొండకింద షామియానాలో చాపలు పరిచారు. తాయారు తనే ఆకు తెచ్చి, నీళ్ళు చిలకరించి, మొదటి బంతి మొదట్లో వేసింది. చిన్నాకు కాదు, పెద్దాకు. పప్పు, పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం, పులిహోర, ఆరు బూరెలు. మధ్యలో అన్నం. ఒక ఆరోగ్యమైన మనిషి తినే భోజనమే. జగన్నాధం దాని ముందు కూర్చుంటే చాలా పెద్దదిగా కనిపించింది.

“ఒరే జగన్నాధం, ఈవేళ నీ పాత పంతం సూపించాల,” అన్నాడు పక్కన కూర్చున్న నారాయణమూర్తి బాబాయి. బంతిలో నవ్వులు లేచాయి. జగన్నాధం కూడా నవ్వాడు.

మొదటి ముద్ద దిగింది. రెండోది దిగింది. మూడో ముద్ద నములుతూ నములుతూ కొండ వైపు చూశాడు. తాయారు పప్పు బకెట్ పట్టుకుని రెండో వరసలో వడ్డిస్తోంది గాని, చూపంతా అతని గొంతు మీదే ఉంది. మూడోది దిగింది. నాలుగోది ఆగింది.

ఆగిందని ఆమెకి తెలిసిపోయింది. అతను ఎడంచేత్తో చొక్కా గుండీ దగ్గర నొక్కుకున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. మెడ కొంచెం ముందుకి చాచి, ఎవరైనా చూస్తున్నారేమోనని పక్కలకి చూసి, మళ్ళీ అన్నం కలపసాగాడు.

మిగతావాళ్ళ ఆకులు ఖాళీ అయిపోతున్నాయి. మొక్కు మనిషి ఆకు మడిచేదాకా బంతి లేవకూడదు. పెరుగన్నాలు అయిపోయి, చేతులు ఎండబెట్టుకుంటూ, అందరూ తీరిగ్గా మొదటి ఆకు వైపు చూడటం మొదలెట్టారు. వందమందిలో ఎవరు చూస్తారన్నాడు పాపం. వందమందీ చూస్తున్నారు.

“వాడికి నెయ్యెయ్యండర్రా, జారతాది,” అంది కూర్మమ్మ బంతి చివర కుర్చీలోంచి. రాధిక నెయ్యిగిన్నె పట్టుకుని నిలబడింది గాని కదల్లేదు.

జగన్నాధం ముద్ద బుగ్గలో పెట్టుకున్నాడు. ఇంకో ముద్ద ఎత్తినట్టే ఎత్తి ఆకు అంచు కిందికి తోశాడు.

“అదేట్రా, కిందికి తోసేస్తన్నావు?” అన్నాడు నారాయణమూర్తి. మామూలుగానే అడిగాడు, కానీ ఆ మాట బంతి పొడుగునా వినపడింది.

జగన్నాధం చెయ్యి ఆకు మీద ఉండిపోయింది. కూర్మమ్మ కుర్చీలోంచి లేచింది. తాయారు అతని ముఖం చూసింది. పెళ్ళికి ముందు, ఆమె చిన్నప్పుడు, తోటలో మామిడికాయలు కోస్తూ పట్టుబడిన బావ ముఖం అదే.

ఆమె బకెట్ కింద పెట్టింది. బంతి ముందుకి నడిచి, అతనికి ఎదురుగా ఉత్త నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆకు తనవైపుకి తిప్పుకుంది. అతను కలిపి వదిలేసిన అన్నం ఎత్తి నోట్లో పెట్టుకుంది.

“ఒసే తాయారూ,” అంది కూర్మమ్మ. “ఏటే అది? ఆకొదులు. ఆడపిల్ల ఉన్నాది నీకు.”

“అంటుకోదు నానమ్మా,” అంది రాధిక. “ఆ చుక్కలు పెట్టింది నేనే. నాకు తెలీక పెట్టాను.”

తాయారు నోట్లోది మింగి అత్త వైపు తిరిగింది. “మావయ్య లేచాక ఆయనాకులో నలభయ్యేళ్ళు తిన్నావత్తా. ఒక్కపూట నువ్వు తినకపోతే ఆయనకి తృప్తుండేది కాదని నువ్వే సెప్పావు. నాను ఐదేళ్ళు మానేశాను. మొక్కు కంటే ముందు తప్పింది అదే.”

కూర్మమ్మ కుర్చీ వీపు పట్టుకుంది.

తాయారు తింది. నిన్న మధ్యాహ్నం నుంచీ ఏమీ తినలేదు. పప్పన్నం, దప్పళం, పులిహోర ఒకదాని వెంట ఒకటి తింది. ఆకు కింద ఉన్న ముద్ద కూడా తీసి తింది. ఎంత పెద్ద ముద్ద పెట్టుకున్నా ఎక్కడా ఆగకుండా జారిపోతోంది. ఇంత సులువా మింగడం అనిపించింది. అంత సులువుగా దిగుతున్నందుకే కళ్ళలో నీళ్ళు తిరిగి, బూరెల మీద పడ్డాయి. బూరెలు కూడా తింది.

జగన్నాధం ఆమెనే చూస్తున్నాడు. బుగ్గలో ఉన్నది మెల్లిగా చేతిలోకి తీసేసుకున్నాడు. దాచుకోవాల్సిన అవసరం పోయింది.

చివర పెరుగన్నం గోళీకాయంత మిగిల్చి, బాగా మెదిపి, తాయారు అతని నోటికి అందించింది. అది దిగింది. ఆకులో మెతుకు లేదు. జగన్నాధం రెండు చేతులతో ఆకు తనవైపుకి మడిచాడు.

అప్పుడు తాయారు లేచి నిలబడింది. “అందరూ ఇనండి. మా బావకి నెల్లాళ్ళుగా అన్నం దిగట్నేదు. అంతా బాగున్నాదన్నది అబద్ధం. మేం ఇప్పుడు విశాఖ ఎల్తన్నాం. ఇది సామికి తెలుసు, మీకూ తెలియాల.”

ఆ మాటకి బంతి లేచింది. కొందరు చెయ్యి కడుక్కోవడం మరిచి అక్కడే నిలబడ్డారు. ధనరాజ్ ఏమీ అడక్కుండా కారు తాళం కోసం జేబులు తడుముకున్నాడు.

కూర్మమ్మ చాప వెంట కొడుకు దగ్గరికి నడిచి వచ్చింది. ఇంటి నుంచి తెచ్చిన ఎర్రచుక్క గ్లాసు ఆకు పక్కనే ఉంది. దాన్ని ఒకసారి చూసింది. తన చేతిలో ఉన్న చెంబు, తను తాగుతున్న చెంబు, అతనికి అందించింది.

“ఒరే జగ్గూ, నీళ్ళు తాగు,” అంది.

అరగంట కాలేదు, తాగకూడదు. అయినా జగన్నాధం అంచు కరుచుకుని ఒక్క గుక్క తాగాడు. కూర్మమ్మ చెంబు వెనక్కి తీసుకుని, కింద పెట్టకుండా పొట్టకి ఆనించి పట్టుకుంది.

కారు కొండ దాటింది. ముందు సీట్లో రాధిక ఆసుపత్రికి ఫోను మీద ఫోను చేస్తోంది. ధనరాజ్ గతుకుల దగ్గర మెల్లిగా పోనిస్తున్నాడు. వెనక సీట్లో దిండు ఆనుకుని నిటారుగా కూర్చున్న జగన్నాధం, తాయారు కుడిచెయ్యి చూశాడు.

“కడుక్కోనేదేటి?”

“దారిలో కడుక్కుంటాను. ముందు ఎల్లనీ.”

“నీ మొక్కు తీరిపోయిందా?”

“తీరిపోయింది.”

“మనసులో ఏటీ మిగల్లేదు కదా?”

“నేదు బావా. ఎందుకలాగ అడుగుతన్నావు?”

అతను కిటికీలోంచి చూశాడు. నెల్లిమర్ల రోడ్డు కనపడుతోంది. అప్పుడు ఆమెకి ఒక్కదానికే వినపడేటట్టు అన్నాడు. “నిన్న నీకొక అబద్ధం సెప్పాను.”

“ఏటి?”

“బెంచీ మీంచి లేచొచ్చేశానన్నాను కదా. రానేదు. లోనికి ఎల్లాను. గొట్టమేసి సూశారు. ముక్క తీసి పరీక్షకి పంపించారు. మొన్న మంగళవారం ఎరువులకని సెప్పి ఎల్లింది ఆ కాగితం తేడానికే.”

చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. మడతల దగ్గర అప్పటికే నలిగిపోయి ఉంది. చాలాసార్లు విప్పి చూసుకున్న కాగితం.

“డాక్టరు ఏటన్నాడు?” అంది తాయారు.

జగన్నాధం కాగితం ఆమె ముందుకి చాచాడు.

తాయారు అందుకోబోయి ఆగింది. కుడిచెయ్యి నిండా ఎండిపోయిన అన్నం మెతుకులు. ఎంగిలిచెయ్యి. కాసేపు ఆ చేతినే చూసుకుని, ఎడంచెయ్యి చాచింది.